మంచం దిగడం నేర్పే వైద్యం

తాడిచెట్టు మీంచి పడ్డ గౌడన్నను ఆస్పత్రిలో చేర్చాక ఇంటివాళ్లు డాక్టర్ని అడిగే మొదటి మాట: "మళ్లీ నడుస్తాడా సారూ?" వెన్నుపాము పూర్తిగా దెబ్బతిన్నప్పుడు ఈ ప్రశ్నకు ఆపరేషన్ దగ్గర జవాబు లేదు. రాడ్లు, స్క్రూలు వేసేది విరిగిన పూసలు కదలకుండా బిగించడానికే. లోపల నలిగిన నరాలను అవి అతికించలేవు. ఈ తేడా ఎవరూ విడమర్చి చెప్పకపోతే ఇంటివాళ్లు మనిషిని తెచ్చి మంచం మీద పడుకోబెట్టి, కాళ్లలో కదలిక కోసం నెలల తరబడి ఎదురుచూస్తారు. ఈలోగా పడక పుండ్లు పడతాయి, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ కిడ్నీలదాకా పాకుతుంది, ఊపిరితిత్తుల్లో కఫం పేరుకుంటుంది. దెబ్బకు బతికినవాడు వీటికి బలవుతాడు.

మొదటి ప్రపంచ యుద్ధంలో వెన్ను విరిగిన సైనికుల్లో ఎక్కువమంది ఇలాగే పోయారు. ఆ రాతను మార్చినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సిన పేరు లుడ్విగ్ గట్‌మన్‌ది. నాజీల నుంచి తప్పించుకుని ఇంగ్లండ్ చేరిన ఈ యూదు వైద్యుడు 1944లో స్టోక్ మాండవిల్ ఆస్పత్రిలో వెన్నుపాము వార్డు తెరిచారు. ఆయన వార్డులో కొత్త మందేమీ లేదు. రాత్రీ పగలూ రెండు గంటలకోసారి రోగిని పక్కకు తిప్పడం, చేతులకు బలం పెంచడం, మంచం దించి పనిలో, ఆటలో పెట్టడం, అంతే. 1948 జూలై 29న, లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజునే, ఆస్పత్రి ఆవరణలో 16 మంది వీల్‌చైర్లలో కూర్చుని బాణాలు వేశారు. పారాలింపిక్స్‌కు మూలం ఆ పోటీయే.

మన దగ్గర ఈ విద్యకు పుట్టిల్లు లాంటిది రాయవేలూరు. అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో డాక్టరుగా ఉన్న మేరీ వర్గీస్ 1954లో కారు ప్రమాదంలో వెన్ను దెబ్బతిని, నడుం కింద చచ్చుబడిపోయారు. అక్కడి సర్జన్ పాల్ బ్రాండ్ ప్రోత్సాహంతో, వీల్‌చైర్‌లో కూర్చుని కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. తర్వాత ఆస్ట్రేలియాలో తానే రోగిగా పునరావాస శిక్షణ పొంది, న్యూయార్క్‌లో హోవర్డ్ రస్క్ సంస్థలో ఆ శాస్త్రం చదివి తిరిగొచ్చారు. 1966లో వేలూరులో పునరావాస కేంద్రం వచ్చింది ఆమె పూనికతోనే. 1972లో పద్మశ్రీ ఇచ్చారు. చిత్తూరు వైపు నుంచి వేలూరుకు వైద్యానికి వెళ్లే మనవాళ్లకు ఆ ఆస్పత్రి తెలుసు, ఈ డాక్టరమ్మ కథ మాత్రం అంతగా తెలియదు. తెలియాలి.

ఇక ఆ విద్యలోకి వద్దాం. మొదటి మెట్టు చెట్టు కిందే మొదలవుతుంది. పడ్డ మనిషిని చేతులూ కాళ్లూ పట్టుకుని ఎత్తి ఆటోలో కూర్చోబెడితే, మిగిలి ఉన్న నరం కూడా తెగొచ్చు. 108 వచ్చేదాకా కదపకూడదు. కదపక తప్పకపోతే ముగ్గురు నలుగురు కలిసి, మెడా నడుమూ మెలిపడకుండా, దుంగను దొర్లించినట్టు ఒక్కసారిగా చెక్క మీదికి తిప్పాలి.

ఆస్పత్రిలో ఫిజియోథెరపిస్టు మొదట చూసేది పనిచేయని కాళ్లను కాదు, పనిచేసే చేతులను. ఏళ్ల తరబడి మోకు బిగించి చెట్లెక్కిన గీత కార్మికుడి భుజాల్లో, జబ్బల్లో ఉన్న బలమే ఇక్కడ పెట్టుబడి. ఇకపై ఒంటి బరువు మోయాల్సింది అవే. చాలా రోజులు పడుకుని ఉన్న మనిషిని ఒక్కసారి లేపి కూర్చోబెడితే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. అందుకే వంచే బల్లకు పట్టీలతో కట్టి, రోజుకు కొంత కొంతగా నిటారుకు తెస్తారు.

మంచం మీంచి వీల్‌చైర్‌లోకి మారడాన్ని దగ్గర్నుంచి చూస్తే ఇది ఎంత లోతైన విద్యో అర్థమవుతుంది. కుర్చీని మంచానికి ఏటవాలుగా ఆనించి బ్రేకులు వేస్తారు. మంచం వైపున్న చేతిపట్టీని తీసేస్తారు. రెంటి మధ్యా నున్నటి చెక్కపలక పెట్టి, ఒక చెయ్యి మంచం మీద, ఒక చెయ్యి కుర్చీ మీద ఆనిస్తారు. తల ఎటు వంచితే పిరుదులు దానికి ఎదురు దిక్కుకు తేలికగా జరుగుతాయి. కుర్చీ వైపు పోవాలంటే తల మంచం వైపు వంచాలి. భయం ఉన్నవాడు కుర్చీవైపే ఒరుగుతాడు, కదలలేడు. ఈ ఒక్క మెళకువ పట్టుబడడానికి రోజులు పడతాయి. పట్టుబడ్డాక ఎవరూ ఎత్తి కూర్చోబెట్టనక్కర్లేదు.

కుర్చీలో కూర్చున్నాక ఇంకో నియమం ఉంది. పావుగంటకో అరగంటకో పిరుదుల మీద బరువు తీయాలి. చేతుల మీద ఒంటిని పైకి లేపొచ్చు. ఒకటి రెండు నిమిషాలు అలా నిలవలేనివాళ్లు ముందుకు వంగి ఛాతీని తొడలకు ఆనించినా సరిపోతుంది. రాత్రి పడుకోబోయే ముందు చిన్న అద్దంతో వెనక చర్మం చూసుకోవాలి. ఎర్రబడి, ఆ ఎరుపు పోకుండా ఉంటే ఆ చోటు మీద బరువు పడకూడదు.

మెడ దగ్గర దెబ్బ తగిలినవాళ్ల సంగతి వేరు. కొందరికి మణికట్టు పైకి లేస్తుంది, వేళ్లు మాత్రం వాటంతట అవి కదలవు. అలాంటివాళ్లకు వేళ్ల స్నాయువులను కాస్త బిగుతుగానే ఉండనిస్తారు. మణికట్టు ఎత్తగానే వేళ్లు ముడుచుకుని గ్లాసు పట్టుకోగలవు, దించగానే విప్పుకుంటాయి. ఇది తెలియని ఇంటివాళ్లు ప్రేమకొద్దీ రోజూ వేళ్లను వెనక్కి లాగి సాగదీస్తే ఆ పట్టు కాస్తా పోతుంది.

ప్రేమకొద్దీ చేసే పొరపాట్లు మరికొన్ని ఉన్నాయి. స్పర్శ లేని కాళ్లకు వేడి కాపడం పెట్టొద్దు, కాలినా తెలియదు. బిగుసుకున్న తుంటిని, మోకాలిని బలవంతంగా వంచొద్దు, సత్తువ తగ్గిన ఎముక విరగొచ్చు. కాళ్లు వాటంతట అవి అదిరితే నరం మేలుకుందని పొంగిపోవద్దు. అది బిగుతు వల్ల వచ్చే అదురు కావచ్చు, డాక్టరు చూసి తేల్చాలి. ఛాతీ పైభాగంలోనో మెడలోనో దెబ్బ తగిలినవాళ్లకు ఉన్నట్టుండి తలపోటు వచ్చి ముఖమంతా చెమటలు పోస్తే, వెంటనే లేపి కూర్చోబెట్టి మూత్రపు గొట్టం మడతపడిందేమో చూసి, ఆస్పత్రికి ఫోన్ చేయాలి. బీపీ ప్రాణం మీదికొచ్చేంతగా పెరిగే స్థితి అది.

దెబ్బ పూర్తి కానివాళ్లూ ఉంటారు. మలద్వారం దగ్గర స్పర్శ మిగిలిందంటే నడకకు కొంత ఆశ ఉన్నట్టు, శిక్షణ కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది. పూర్తిగా దెబ్బతిన్నవాళ్లను కూడా కాలిపర్లు కట్టి కమ్మీల మధ్య నిలబెడతారు. అయితే ఆ నడక మనిషి బాగా అలసిపోయేలా చేస్తుంది. ఇంటికెళ్లాక చాలామంది వీల్‌చైరే వాడతారు. దాన్ని ఓటమిగా చూడడం అన్యాయం. పొలం గట్టుదాకా, కొట్టుదాకా, ఓటేసే బడిదాకా చక్రాల మీద వెళ్లినవాడు వెళ్లినవాడే.

అసలు చెట్టు మీంచి పడకుండా చూడడానికి 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచం పేరుతో సేఫ్టీ కిట్లు పంచడం మొదలుపెట్టింది. మంచి పని. ప్రమాదం జరిగాక ఇచ్చే పరిహారమూ కావాల్సిందే. పడ్డవాడికి కొన్ని వారాల పునరావాస శిక్షణ, ఆ తర్వాత ఊరికొచ్చి చూసే ఫిజియోథెరపిస్టు కూడా అదే హక్కుల జాబితాలో చేరాలని గీత కార్మిక సంఘాలు గట్టిగా అడగాలి.

ఇక ఇంటివాళ్ల వంతు. డిశ్చార్జికి ముందే ఇంటిని సిద్ధం చేసుకోవాలి. అడుగు ఎత్తున్న అరుగుకు పన్నెండు అడుగుల వాలు కావాలి, అంతకన్నా నిటారుగా కడితే చక్రం ఎక్కడం కష్టం. గడప తీసేయాలి. బాత్రూమ్ తలుపు కుర్చీ పట్టేంత వెడల్పు చేయించాలి. నులక మంచం కుంగుతుంది కాబట్టి పనికిరాదు. పరుపుతో కలిపి వీల్‌చైర్ సీటుకు సమానమైన ఎత్తులో ఉండేలా చెక్కమంచం కాళ్లు కోయించాలి.