నీ వాటా నెత్తళ్ళు

మువ్వా! తెల్లవారుజామున నాలుగున్నరకి నాకింకా మెలకువ వస్తూనే ఉంది. నువ్వు పడుకునే చోట దుప్పటి నలగకూడదని కాళ్ళు ముడుచుకునే ఉన్నాను. మూడు కిలోల బరువు. ఆ కాస్త బరువు లేచిపోతే మంచమంతా తేలిపోతుందని ఇన్నాళ్ళూ తెలియలేదు.

పెరటి తలుపు ఓరగానే ఉంది. గడియ దాకా వెళ్ళిన చెయ్యి వెనక్కి వచ్చేస్తోంది.

మూడు రంగుల తల్లీ! తెల్లటి ఒంటి మీద మసి రాసినట్టు నలుపు, ఆ పక్కనే పండిన పోకకాయ రంగు. నారింజ రంగునిచ్చే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుందనీ, అందుకే మూడు రంగుల పిల్లులు దాదాపు అన్నీ ఆడవేననీ చాలా ఏళ్ళకి చదివాను. కొబ్బరి మట్టల కింద అరచేతిలో పట్టేంత నిన్ను చూసిన రోజే అమ్మ అంది, "ఇది ఆడపిల్లేనే. ఇంటికొచ్చిన ఆడపిల్లని పొమ్మనకూడదు." అంతే, నువ్వు మా ఇంటి పిల్లవి అయిపోయావు.

పిల్లి ఎదురొస్తే కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి బయల్దేరమంటారు మా వీధిలో. పదమూడేళ్ళు, నేను గడప దాటిన ప్రతిసారీ నువ్వే ఎదురొచ్చావు. మొదటి ఉద్యోగానికి వెళ్ళిన రోజు, అక్క పెళ్ళి చీరలు కొనడానికి వెళ్ళిన రోజు, నాన్నని ఆసుపత్రి నుంచి నడిపించి తెచ్చుకున్న రోజు. నా శకునాలన్నీ నీవే. ఇప్పుడు గడప దగ్గర ఎవరూ అడ్డు రావడం లేదు. చెప్పులేసుకున్నాక కూడా అక్కడే నిలబడిపోతున్నాను.

నీ గుర్రుగుర్రుని ఏమని పొగడను? సెకనుకి 25 మొదలుకుని 150 దాకా కంపనాలని లెక్క కట్టినవాళ్ళున్నారు. జ్వరంతో పడుకున్న రాత్రి నా పక్కటెముకల మీద నువ్వు మోగిన మోత ఆ లెక్కలో ఉందో లేదో. దూరాన గోదావరి లాంచీ వస్తున్నట్టుండేది. ఆ చప్పుడు వింటూ నిద్రపోయేదాన్ని.

పోయిన వేసంగిలో నువ్వు బకెట్లో తల పెట్టి అదేపనిగా నీళ్ళు తాగుతుంటే ఎండ అనుకున్నాను. ఒళ్ళు తగ్గితే వయసనుకున్నాను. మూత్రపిండాలు మూడొంతుల దాకా దెబ్బ తింటేగాని రక్తంలో క్రియాటినిన్ పెరిగినట్టు తేలదనీ, పిల్లి నొప్పిని దాచుకునే జీవి అనీ డాక్టరుగారు చెప్పాక గాని నా కళ్ళు తెరుచుకోలేదు. ముసలి పిల్లులకి ఇది మామూలే అన్నారాయన మెల్లగా. మామూలు అన్న మాట అంత బరువుంటుందా, మువ్వా!

రోజూ సాయంత్రం నీ మెడ వెనక తోలు పైకెత్తి, సూది దించి, సెలైను ఎక్కించేదాన్ని. తెంగలై శ్రీవైష్ణవులు మార్జాలకిశోర న్యాయమని ఒకటి చెబుతారు. కోతిపిల్ల తల్లిని తానే కరుచుకుంటుంది. పిల్లికూన అలా కాదు, తల్లి మెడ పట్టి ఎక్కడికి తీసుకుపోతే అక్కడికి వెళ్తుంది. శరణాగతి అంటే అదీ అంటారు. మీ అమ్మ నోట కరుచుకున్న ఆ మెడనే నేను రెండు వేళ్ళతో పట్టుకునేదాన్ని. నువ్వు గోరు తియ్యలేదు, అరవలేదు. ఒళ్ళంతా వదిలేసి, కళ్ళు సగం మూసి, నా చేతికి నిన్ను నువ్వు ఇచ్చేసుకునేదానివి. నిన్ను ఎక్కడికి చేరుస్తున్నానో నాకే తెలియదు తల్లీ. ఆ నమ్మకానికి తగిన చెయ్యి కాదు నాది. అయినా ఆ నలభై రోజుల్లాంటి రోజులు నా బతుకులో మళ్ళీ రావు.

చివరి రాత్రి నా మోచేతి వంపులో తల పెట్టావు. మోత మెల్లమెల్లగా సన్నబడింది. లాంచీ రేవు దాటి పోయింది.

అమ్మ తన పాత వెంకటగిరి చీర చింపి చుట్టింది. పారిజాతం చెట్టు మొదట్లో గొయ్యి తీశాం. ఆ తర్వాత ఏం చెయ్యాలో ఎవరికీ తెలియలేదు. మనిషి పోతే మైల ఉంది, పదోరోజు ఉంది, పలకరించడానికి వచ్చేవాళ్ళున్నారు. నీకు ఏమీ లేవు. కళ్ళు ఎందుకు వాచాయని అడిగినవాళ్ళకి చెబితే, "అయ్యో, పిల్లా!" అని ఊపిరి పీల్చుకున్నారు. మనుషులెవరూ పోనందుకు వాళ్ళ తేలికపాటు వాళ్ళది. తప్పు పట్టను. కాని ఏడవడానికి నాకు చోటు లేకపోయింది.

ఆ చోటు వెతుక్కుంటూ చాలా దూరం పోయాను. సైప్రస్ దీవిలో 9,500 ఏళ్ళ నాటి సమాధి బయటపడిందని 2004లో ప్రకటించారు. మనిషికి 40 సెంటీమీటర్ల దూరంలో ఎనిమిది నెలల పిల్లిని పడుకోబెట్టారట. ఈజిప్టులో ఇంటి పిల్లి పోతే ఇంటిల్లిపాదీ కనుబొమలు గొరిగించుకునేవాళ్ళని హెరోడొటస్ రాశాడు. ముఖం మీదే కనబడే మైల! ఎవరూ అడగక్కర్లేదు, ఎవరికీ చెప్పక్కర్లేదు. జపాన్ రచయిత నత్సుమె సోసెకి 1908లో తన పిల్లి పోతే స్నేహితులకి కార్డులు రాసి కబురు పెట్టాడు. దాని తిథి వచ్చినప్పుడల్లా ఆయన భార్య సమాధి ముందు సాల్మన్ చేప ముక్క పెట్టేదట. ఆ ఇల్లాలి ముఖం నేను ఎరగను. అయినా ఆ చేప ముక్క పట్టుకున్న చెయ్యి కళ్ళకి కట్టింది.

నిన్న జగన్నాథపురం నుంచి చేపలమ్మి వచ్చింది. ఇన్ని రోజులూ పిల్లలు పరీక్షలని రాలేదట. గంప దించి, అలవాటు కొద్దీ నీ వాటా నెత్తళ్ళు గుప్పెడు తీసి చుట్టూ చూసింది. "ఏదమ్మా మీ పిల్ల?" అంది. నా నోరు పెగల్లేదు. అమ్మ పారిజాతం వైపు చూపించింది.

చేపలమ్మి ఏమీ అనలేదు. చేతులు కడుక్కుంది. అరటాకు ముక్క చింపి, చెట్టు మొదట్లో పరిచి, ఆ గుప్పెడు నెత్తళ్ళూ దాని మీద పెట్టింది. "ఎన్ని రోజులైంది?" అని అడిగింది.

"ఇవాళ్టికి పది," అన్నాను.

మెట్టు మీద నా పక్కనే కూర్చుంది. గంపలో బేరం ఇంకా సగం ఉంది, ఎండ ఎక్కుతోంది. అయినా లేవలేదు.