ముందు నోటికి రానీ నాయనా

మన సంఘాల్లో సాక్ష్యం చెప్పడానికి ఎవరైనా లేచి నిలబడితే అందరూ ఎదురుచూసేది ఒక తేదీ కోసం. ఫలానా సంవత్సరం, ఫలానా కూటాల్లో, ఫలానా రాత్రి ప్రభువు నన్ను పట్టుకున్నాడని చెబితే వినేవాళ్ళ కళ్ళు చెమరుస్తాయి. అలా మారినవాళ్ళను నేనెరుగుదును. తాగుడు మానినవాళ్ళున్నారు, ఏళ్ళ తరబడి మాటల్లేని అన్న గుమ్మం తొక్కి క్షమించమని అడిగినవాళ్ళున్నారు. వాళ్ళ తేదీ నిజం. నాకు మాత్రం అలాంటి తేదీ లేదు. క్రైస్తవుల ఇంట్లో పుట్టాను. బాప్తిస్మపు తరగతులకు కూర్చుని, పదిహేనో ఏట నీళ్ళలో దిగాను. అయినా ఆ రోజుకి నేను నమ్మింది మా నాయనమ్మ నమ్మకాన్నే. అది నాదెప్పుడైందో చెప్పలేను గానీ, ఎలా అయిందో కొంత చెప్పగలను.

నాయనమ్మకు అక్షరం ముక్క రాదు. రాత్రి అన్నాలకు ముందు కుటుంబ ప్రార్థన. బైబిలు నా ఒళ్ళో పెట్టి చదవమనేది. సగం వచనం చదివి నేను ఊపిరి తీసుకునేలోపు మిగతా సగం ఆమె అనేసేది. 23, 91, 103, 121 కీర్తనలు, కొండమీది ప్రసంగంలో చాలా భాగం, అన్నీ విని విని వచ్చినవే. ముందు మా నాన్న చేత చదివించుకుంది, తర్వాత నా చేత. ఆ పాత గ్రాంథికం నాకు కొరుకుడుపడేది కాదు. అర్థం కావట్లేదని విసుక్కుంటే, "ముందు నోటికి రానీ నాయనా, అర్థం దానంతటదే వస్తది" అనేది.

కంఠతా పట్టిన వచనం, రాసిపెట్టిన ప్రార్థన అంటే మన విశ్వాసుల్లో చాలామందికి చిన్నచూపు. అది పెదవుల భక్తి అంటారు. గుండెలోంచి అప్పటికప్పుడు పొంగుకొచ్చిందే అసలైన ప్రార్థన అంటారు. నేనిది ఒప్పుకోను. పసిబిడ్డ అమ్మ మాటల్ని పలికి పలికీ కదా తన మాట నేర్చుకుంటుంది! విశ్వాసానికి కూడా ముందు అరువు మాటలే కావాలి. సొంత మాటలు దొరకని రోజు ప్రతి మనిషికీ వస్తుంది, ఆ రోజు ఆసరా అయ్యేవి అవే.

నాకు ఆ రోజు మా నాన్న జబ్బు పడ్డప్పుడు వచ్చింది. ఆసుపత్రి వరండాలో కూర్చున్నాను. ప్రార్థన చేద్దామంటే ఒక్క మాట రాలేదు. అసలు వినేవాడున్నాడా అన్న అనుమానం వచ్చి కూర్చుంది. అప్పుడు నేను పిలవకుండానే నోటికొచ్చింది 13వ కీర్తన. చిన్నది, ఆరే వచనాలు. నన్ను మరిచిపోయావా అని దావీదు దేవుణ్ణే నిలదీసే కీర్తన అది. ఎంతకాలం, ఎంతకాలం అని మొదటి రెండు వచనాల్లోనే నాలుగుసార్లు అడుగుతాడు. చిన్నప్పుడు బహుమానం కోసం అప్పజెప్పిన ఆ మాటల్లో ఇంత దుఃఖం, ఇంత చనువు ఉన్నాయని అప్పుడు తెలిసింది. దేవుణ్ణి అనుమానించే మాటలు కూడా దేవుని గ్రంథంలోనే దొరికాయి. నా అనుమానం నన్ను ఇంట్లోంచి బయటికి నెట్టలేదు.

కీర్తనల గ్రంథాన్ని స్తుతుల పుస్తకమనే అనుకుంటాం. 150 కీర్తనల్లో మొరలు, ఏడుపులు ఎన్నున్నాయో చూసుకుంటూ చదవండి, ఆశ్చర్యపోతారు. 88వ కీర్తనైతే చివరిదాకా చీకట్లోనే నడిచి చీకట్లోనే ఆగిపోతుంది. ఓదార్పు మాట ఒక్కటి అతికించి దాన్ని సరిచేయాలని ఎవరూ అనుకోలేదు. అలాంటి కీర్తనను ఆరాధన గ్రంథంలో ఉంచిన ప్రజల ధైర్యానికి నేను నమస్కరిస్తాను. అన్నిటికీ మించి, సిలువ మీద యేసు వేసిన కేక 22వ కీర్తన మొదటి వాక్యమే. ఆ బాధలో ఆయన కొత్త ప్రార్థన అల్లలేదు. బాల్యం నుంచి విన్న, కంఠతా వచ్చిన మాటనే ఎత్తుకున్నాడు. ఆయనకు సరిపోయిన మాట మనకు తక్కువవుతుందా?

నాన్న దక్కలేదు. ఆ కీర్తన చెప్పుకోవడం మాత్రం నేను మానలేదు. చాలాకాలం దానిలో ఫిర్యాదు ఉన్న వచనాల దగ్గరే ఆగిపోయేవాణ్ణి. చివరి రెండు వచనాల్లో నమ్మకం ఉంది, అవి నోటికి వచ్చేవి గానీ మనసుకు వచ్చేవి కావు. వచ్చినా రాకపోయినా పలికాను. ఇప్పుడు వస్తున్నాయి.

ఒక్కరోజులో జరిగిన గొప్ప కార్యమంటే ఒంగోలు వైపు వాళ్ళకు గుర్తొచ్చేది వెలంపల్లి. 1878 జూలై 3న గుండ్లకమ్మ నీళ్ళలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఖ్య మా ఇళ్ళల్లో పిల్లలకు కూడా తెలుసు. దాని వెనకాముందు నడిచిన కాలం గురించే తక్కువ చెప్పుకుంటాం. అంతకు 12 ఏళ్ళ ముందు, 1866లో, తాళ్లకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం పొందాడు. మాదిగవాడు, తోళ్ళ వ్యాపారం చేసేవాడు. తనవాళ్ళ పల్లెలన్నీ కాలినడకన తిరిగి చెప్పాడు. తర్వాత ధాత కరువొచ్చింది. మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత పనిని కాంట్రాక్టు పట్టి ఆకలిగొన్నవాళ్ళకు కూలి చూపించాడు. మట్టి మోసి అలిసినవాళ్ళు నీడకు చేరినప్పుడు బోధకులు వాళ్ళ మధ్య కూర్చుని యేసు కథ చెప్పేవారు. బాప్తిస్మం ఇమ్మని జనం ఎంత అడిగినా, కరువు సాయం నడిచినన్నాళ్ళూ క్లౌ ఇవ్వలేదు. తిండి కోసం వచ్చేవాళ్ళెవరో, నమ్మి వచ్చేవాళ్ళెవరో తెలియాలన్నాడు. సాయం ఆగాక కూడా వచ్చినవాళ్ళే గుండ్లకమ్మలో దిగారు.

నీళ్ళలోంచి పైకొచ్చినవాళ్ళలో చాలామందికి చదువు లేదు. వాళ్ళ విశ్వాసం నిలిచింది చెవి మీద, జ్ఞాపకం మీద. పగలంతా పొలంలో ఒంగి పనిచేసి వచ్చినవాళ్ళకు రాత్రిళ్ళు పల్లె పంతులు వచనం చెప్పి చెప్పించేవాడు, పాట పాడి పాడించేవాడు. పురుషోత్తమ చౌదరి (1803–1890) లాంటివాళ్ళు రాసిన కీర్తనలు ఇక్కడ చేసిన మేలు ఎంత చెప్పినా తక్కువే. పల్లవి, చరణాలతో, మన రాగతాళాల్లో ఉండబట్టి అవి పుస్తకం అవసరం లేకుండా నోళ్ళలో బతికాయి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ఈనాటికీ పాట నెత్తిన రాగం పేరు, తాళం పేరు ఉంటాయి.

ఇంకో సంగతీ చెప్పాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవుడైన దళితుడికి షెడ్యూల్డు కులాల హోదా లేదు. అందువల్ల ఎన్నో ఇళ్ళల్లో సర్టిఫికెట్టు ఒకటి చెబుతుంది, రాత్రి ప్రార్థన ఒకటి చెబుతుంది. వాళ్ళను వేలెత్తి చూపే హక్కు నాకు లేదు, ఆ రెండింటి మధ్య నలిగినవాళ్ళ బాధ తెలుసు. ఏ కాగితం మీదా లేని ఆ విశ్వాసం తరం నుంచి తరానికి దాటిందంటే అది ఆ రాత్రి ప్రార్థన వల్ల. ఎసట్లో బియ్యం పోసే ముందు గుప్పెడు తీసి వేరే కుండలో వేసి, ఆదివారం గుడికి తీసుకెళ్ళిన తల్లుల వల్ల. పస్తు తప్పని ఇంట్లో కూడా ఆ గుప్పెడు ఆగేది కాదు. చేతులు రోజూ చేసే పని మనసును తనతో నడిపిస్తుందని నేను నమ్మడానికి ఆ కుండే కారణం.

ఇప్పుడు వచనం ఫోన్లో ఉంది, పాట యూట్యూబులో ఉంది, రాత్రి భోజనం తలా ఒక గదిలో ఉంది. పిల్లలకు విశ్వాసం రావాలని కూటాలకు పంపుతున్నాం. పంపండి, మంచిదే. కానీ ఇంట్లో కూడా ఒకటి మొదలుపెట్టండి. 121వ కీర్తనలో ఎనిమిదే వచనాలు. రోజుకొకటి చొప్పున పిల్లలతో కలిసి కంఠతా పట్టండి, వచ్చే వారం ఈ కాలమ్ చదివేనాటికి ఏడు వచ్చేస్తాయి. అర్థం కాలేదని వాళ్ళు విసుక్కుంటే కోప్పడకండి, ఆపకండి.