జాగర్ గోడ: పూత, గీత

ఆదివాసీ చిత్రకళను గూర్చిన వ్యాసాలు సాధారణంగా రేఖను, వర్ణాన్ని, ఆకృతిని చర్చిస్తాయి. చిత్రాన్ని మోసే గోడను మాత్రం ఖాళీ కాగితంగానే పరిగణిస్తాయి. బస్తర్‌లోని లక్ష్మీ జాగర్ కుడ్యచిత్రాల విషయంలో ఈ దృష్టి అసంపూర్ణం.

వరికి అధిదేవత అయిన లక్ష్మి కథను గురుమాయిలనే గాయనులు కుండ, చేట, విల్లు కలిసిన ధన్‌కుల్ వాద్యంపై హల్బీ భాషలో కొన్ని రోజులపాటు గానం చేసే వేడుకే జాగర్. కథ జరిగే చోట గోడపై చిత్రం రూపొందుతుంది. దానిని ‘గడ్ లిఖనా’ అంటారు. గీయడం అనక, రాయడం అనడం గమనార్హం.

ఈ రాతకు ముందు అలుకు ఉంటుంది. మట్టిలో పేడ కలిపి అరచేతితోనో, అలుకుగుడ్డతోనో పూయడం మన పల్లె ఇల్లాలికీ తెలిసిన విద్యే. పేడలోని పీచు మట్టిని పట్టి ఉంచి బీటలను తగ్గిస్తుంది. ఆరిన పూత తడిని పీల్చుకొంటుంది గనుక బియ్యప్పిండి నీళ్లతో తీర్చిన గీత జారక నిలుస్తుంది. వరి దేవతను వరిపిండితోనే రాయడంలో భావానికి, పదార్థానికి ఎడం లేదు. పూత పాతబడితే మళ్లీ అలుకుతారు. చిత్రాన్నీ మళ్లీ రాస్తారు.

భోపాల్‌లో 1982లో ప్రారంభమైన భారత్ భవన్‌లో జగదీశ్ స్వామినాథన్ ఆదివాసీ చిత్రకారులను ఆధునికుల సరసన, వారి పేర్లతోనే నిలిపారు. ఆ కృషి విలువ తక్కువది కాదు. అయితే కాగితంపైకి వచ్చిన చిత్రానికి శాశ్వతత్వం లభించినా, అలుకుతో, వేడుకతో దానికున్న సంబంధం తెగిపోయింది. హరిహర్ వైష్ణవ్, క్రిస్ గ్రెగరీ 2003లో గురుమాయి సుక్దాయి గానం చేసిన కథను గ్రంథస్థం చేశారు. పాటకు దక్కిన ఆ శ్రద్ధ పూతకూ దక్కవలసి ఉంది.

2016లో ఆరంభమైన ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస్ యోజన వంటి పథకాల పక్కా ఇల్లు వానకు, చెదకు భయపడే కుటుంబానికి నిజమైన రక్ష. కళ పేరిట ఎవరినీ మట్టి ఇంటనే ఉండమనడం న్యాయం కాదు. కాని సిమెంటుపై వేసిన ఎనామిల్ రంగు మట్టిపూత వలె తడిని పీల్చదు. తరచుగా అలికే అవసరమూ ఉండదు. ఆ అవసరంతోపాటు తల్లి నుండి కూతురికి వచ్చే చేతివాటమూ మరుగున పడుతుంది.

కావున ప్రదర్శనశాలలు ‘సహజ వర్ణాలు’ అన్న రెండు మాటలతో సరిపెట్టరాదు. ఏ మట్టి, ఎంత పేడ, ఏ ఋతువులో పూసిన పూత అన్నది నమోదు కావాలి. చిత్రకారుని పేరు పక్కన గోడ అలికిన స్త్రీ పేరు కూడా ఉండాలి.