ఉతకని చీర

భయపడ్డ పిల్లి ఇంటికొస్తే మనవాళ్లు ముందు దానికి స్నానం చేయిస్తారు. తర్వాత గిన్నెడు పాలు పోస్తారు. ఆపైన ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి, "పాపం, ఎలా వణికిపోతోందో చూడండి" అంటూ తలా ఒకసారి ఎత్తుకుంటారు. చేసేదంతా ప్రేమతోనే. అందుకే వద్దని చెప్పడం కష్టం.

దొరబాబు వచ్చిన రోజు మా అమ్మకీ నాకూ పేచీ వచ్చింది ఇక్కడే. వాడు మా పెద్దమ్మ పెంచిన పిల్లి, విజయవాడ సింగ్ నగర్ వాడు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు ఆ వీధుల్ని ముంచెత్తాక పెద్దమ్మను పడవలో బయటికి తెచ్చారు. అటకెక్కి కూర్చున్న దొరబాబు ఎవరి చేతికీ చిక్కలేదు. నీళ్లు తీశాక పక్కింటి కుర్రాడు వెళ్లి చూస్తే ఇంకా అక్కడే ఉన్నాడట, బక్కచిక్కి, బుస కొడుతూ. పెద్దమ్మ హైదరాబాదులో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. వీడేమో రెండు కూరగాయల బుట్టలు ఒకదానిమీద ఒకటి బోర్లించి తాళ్లు కడితే, ఆ మధ్యలో కూర్చుని కృష్ణ దాటి గుంటూరులో మా ఫ్లాటుకొచ్చాడు.

పిల్లి ఏడిళ్లు తిరుగుతుందని సామెత. తిరిగేమాట నిజమే. కానీ ఎప్పుడు కదలాలో, ఎటు పోవాలో తల్లిపిల్లే తేల్చుకుని పిల్లల్ని నోట కరుచుకుని వెళ్తుంది. దొరబాబునెవరూ అడగలేదు.

కొత్తగా వచ్చినవాడికి ఇల్లంతా చూపించడం మనకు మర్యాద. పిల్లికి మాత్రం ఒక్క గది చాలు, అదీ ఎంత చిన్నదైతే అంత మంచిది. స్టోరు గది ఖాళీ చేసి, ఒక మూల అట్టపెట్టెకు కన్నం చేసి పెట్టాను. నెదర్లాండ్స్‌లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయం వాళ్లు 2014లో ఇలాంటిదే పరిశీలించారు. షెల్టరుకు కొత్తగా వచ్చిన పిల్లుల్లో, దాక్కోవడానికి పెట్టె దొరికినవి మిగతా వాటికన్నా ముందే తేరుకున్నాయి. దాక్కున్న పిల్లిని బయటికి లాగితే భయం పోతుందనుకునే వాళ్లకు ఈ సంగతి చెప్పి చూడండి, నమ్మరు. మలమూత్రాలకని పెట్టిన ట్రేలో అంగట్లో దొరికే సువాసనల గుళికలు పోయకుండా మామూలు ఇసుకే పోశాం. వాడికి అలవాటైంది పెరటి మట్టి కదా.

ఇక చీర. పడవెక్కేటప్పుడు పెద్దమ్మ కట్టుకున్న నేత చీర, హైదరాబాదు వెళ్లేముందు మా ఇంట్లో విడిచి వెళ్లింది. చెమట, బురద కలిసి ఓ రకం వాసన. అమ్మ దాన్ని సర్ఫులో నానబెట్టబోతుంటే లాక్కున్నాను. పిల్లి బుగ్గల్లో గ్రంథులుంటాయి. తలుపు చెక్కలకూ మన కాళ్లకూ మొహం రుద్దేది ఆ వాసన అంటించడానికే. తన వాసన, తనవాళ్ల వాసన ఉన్నంత మేరా దానికి ఇల్లు. వరద దొరబాబు ఇంటిని ముంచింది, ఆ వాసనల్నీ కడిగేసింది. మిగిలింది ఈ ఒక్క చీర. దాన్ని పెట్టెలో పరిచాను. ఆ గదిలో ఫినాయిలు కూడా బందు చేయించాను. వాసన సంగతి అటుంచి, ఫినాల్ కలిసిన మందులు పిల్లికి విషం. మన కాలేయం అవలీలగా విరిచేసే ఇలాంటి పదార్థాల్ని దాని కాలేయం విరవలేదు. పారాసిటమాల్ కూడా అంతే, ఒక్క మాత్ర ప్రాణం తీయగలదు.

మేం చూపించిన డాక్టరుగారు రెండు మాటలు గట్టిగా చెప్పారు. పిల్లి రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే కాలేయానికి కొవ్వు పట్టి ప్రాణం మీదికొస్తుంది, కాబట్టి అలక అనుకుని వదిలేయకూడదు. మగపిల్లి పదే పదే ట్రేలో కూర్చుని చుక్క కూడా పోయలేకపోతే అర్ధరాత్రయినా సరే తీసుకురావాలి. దిగులుకీ భయానికీ మూత్రం బిగిసే జాతి ఇది.

అన్నిటికన్నా మొండిది నీళ్ల చప్పుడు. పొద్దున్నే మోటారు వేస్తే ట్యాంకు నిండి పైనుంచి నీళ్లు దూకేవి. ఆ చప్పుడుకి దొరబాబు గోడెక్కబోయేవాడు. అపార్టుమెంటు వాళ్లను మోటారు ఆపమనలేం. అందుకని వాడికిష్టమైన ఉడికించిన చేప పెట్టి, దూరంగా బాత్రూములో కుళాయి సన్నటి ధారగా తిప్పేవాణ్ని. తింటూ ఉంటే మర్నాడు ఇంకాస్త. తినడం ఆపి చెవులు వెనక్కి వాల్చాడంటే ఆ రోజుకి ఎక్కువైందన్నమాట, మళ్లీ తగ్గించాలి. విసుగు పుట్టించే పని. ధైర్యం చెప్పడం, బుజ్జగించడం ఇందులో అక్కరకు రావు. చేప, కుళాయి, ఓపిక, అంతే.

మిగతా వేళల్లో వాడికి పక్కగా తిరిగి పేపరు చదువుకునేవాణ్ని. కళ్లలోకి గుచ్చి చూడటం పిల్లిభాషలో తగువుకి రమ్మనడం. నెమ్మదిగా కళ్లు మూసి తెరిస్తే కొత్తవాళ్ల చేతి దగ్గరికైనా పిల్లులు రావడానికి మొగ్గుతాయని ఇంగ్లండులో ససెక్స్ విశ్వవిద్యాలయం వాళ్లు 2020లో చూపించారు. నేను రెప్పలార్పుతుంటే గుమ్మం దగ్గర నిలబడి అమ్మ నవ్వేది. ఇప్పుడు తనూ ఆర్పుతుంది, నేను చూడట్లేదనుకున్నప్పుడు.

పెద్దమ్మ మాత్రం రోజూ వీడియో కాల్ చేసి "దొరా, దొరా" అని పిలిచేది. గొంతు వినిపిస్తుంది, వాసన లేదు, మనిషి లేదు. వాడు గది నాలుగు మూలలా వెతికి మళ్లీ పెట్టెలో దూరేవాడు. పెద్దమ్మ నొచ్చుకుంటుందని తెలిసినా స్పీకరు కట్టేయమన్నాను.

సింగ్ నగర్ ఇంటికి ఇప్పుడు మరమ్మతులు అవుతున్నాయి. సంక్రాంతికి వాణ్ని తీసుకెళ్లిపోతానంటోంది పెద్దమ్మ. కొత్త రంగుల వాసన వదలాలి, ముందు తను వెళ్లి కొన్నాళ్లు అక్కడ మసలాలి, వాడు వచ్చాక కూడా కొన్ని వారాలు గడప దాటనివ్వకూడదు, ఆ చీర అప్పటిదాకా ఉతకకూడదు అని నా షరతులు చెప్పాను. "నా పిల్లిని నాకివ్వడానికి నీ షరతులేంట్రా" అని ఫోను పెట్టేసింది.