కోర్ యాంటీబాడీ ఒక్కటే కనిపించినప్పుడు

హెపటైటిస్ బి పరీక్ష అంటే మన ఆస్పత్రులలో సాధారణంగా హెచ్‌బీఎస్ఏజీ అనే ఒక్క పరీక్షే. ఆపరేషన్‌కు ముందు, కాన్పుకు ముందు, రక్తదానం వేళ చేసేది అదే కనుక, అది రియాక్టివ్ అని వస్తే వైరస్ ఉన్నదనీ, నాన్ రియాక్టివ్ అని వస్తే లేదనీ అనుకోవడం పరిపాటి. చాలామంది విషయంలో ఆ అవగాహన సరిపోతుంది. అయితే మిగిలిన పరీక్షలు కూడా చేయించినప్పుడు, పాఠ్యపుస్తకంలోని పట్టికకు ఒదగని రిపోర్టు ఒక్కొక్కసారి చేతికి వస్తుంది; దానికి అర్థం చెప్పాలంటే వైరస్ నడవడితో పాటు రోగి గతం కూడా వైద్యునికి తెలిసి ఉండాలి.

నిజానికి ఈ పరీక్ష పుట్టుకే అంతుచిక్కని ఒక ఫలితం నుంచి జరిగింది. 1960లలో అమెరికాలో బరూక్ బ్లంబర్గ్, ఆయన సహచరులు, పలుమార్లు రక్తం ఎక్కించుకున్న ఒక హీమోఫీలియా రోగి సీరంలోని యాంటీబాడీ ఆస్ట్రేలియా ఆదివాసి ఒకరి సీరంతో చర్య జరపడం గమనించి, ఆ తెలియని పదార్థానికి ఆస్ట్రేలియా యాంటిజెన్ అని పేరు పెట్టారు. అది కామెర్లకు కారణమైన వైరస్ పై తొడుగులోని ప్రోటీన్ అని తేలడానికి మరికొన్నేళ్లు పట్టింది. ఆ తొడుగు ప్రోటీనే నేటి హెచ్‌బీఎస్ఏజీ. దానికి ఎదురుగా శరీరం తయారుచేసుకునే రక్షక యాంటీబాడీ యాంటీ హెచ్‌బీఎస్. తొడుగు లోపల ఉండే కోర్ అనే గుల్ల విడిగా రక్తంలో కనిపించదు గాని, దానికి ఎదురుగా పుట్టే యాంటీ హెచ్‌బీసీ మాత్రం కనిపిస్తుంది, సాధారణంగా జీవితాంతం నిలుస్తుంది. టీకాలో ఉండేది తొడుగు ప్రోటీన్ ఒక్కటే (1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ విడుదల చేసిన టీకా కూడా అటువంటిదే) కాబట్టి, టీకా వల్ల కోర్ యాంటీబాడీ రాదు. అది నిజంగా ఉన్నదంటే వైరస్ ఎప్పుడో ఒకప్పుడు శరీరంలోకి వచ్చి వెళ్లిందనో, ఇంకా ఉన్నదనో అర్థం.

వైద్యులను ఎక్కువగా ఆలోచనలో పడవేసేది, హెచ్‌బీఎస్ఏజీ లేకుండా, యాంటీ హెచ్‌బీఎస్ కూడా లేకుండా, యాంటీ హెచ్‌బీసీ ఒక్కటే రియాక్టివ్‌గా వచ్చిన రిపోర్టు. వైరస్ వ్యాప్తి ఎక్కువగా ఉన్న ప్రాంతాలలో దీనికి తరచుగా కనిపించే కారణం, ఏనాడో సోకి తగ్గిపోయిన ఇన్ఫెక్షన్‌లో పుట్టిన రక్షక యాంటీబాడీ ఏళ్లు గడిచేకొద్దీ క్షీణించి, యంత్రం రియాక్టివ్‌గా లెక్కించే, లీటరుకు 10 యూనిట్ల హద్దు కంటే కిందికి దిగిపోవడమే. వ్యాప్తి తక్కువగా ఉన్నచోట, ప్రమాదకారణాలేవీ లేని వ్యక్తిలో అదే ఫలితం వస్తే, అది పరీక్ష పొరపాటు కావడానికే అవకాశం ఎక్కువ. ఇటీవల జబ్బుపడిన వ్యక్తి అయితే, తొడుగు ప్రోటీన్ మాయమై రక్షక యాంటీబాడీ ఇంకా పైకి రాని కొద్ది వారాల మధ్యకాలంలో రక్తం తీసి ఉండవచ్చు. కొత్త ఇన్ఫెక్షన్‌లో ముందుగా పుట్టే ఐజీఎం రకం యాంటీబాడీని వెదికితే ఆ సంగతి తెలుస్తుంది. ఇక నాలుగవది, హెచ్‌బీఎస్ఏజీ పరీక్షకు అందనంత తక్కువ మోతాదులో వైరస్ కాలేయంలో దాగి ఉండడం. దీనిని తేల్చడానికి వైరస్ డీఎన్ఏ పరీక్ష కావాలి, హెపటైటిస్ సి గాని హెచ్ఐవి గాని ఉన్నవారిలో దీనిని తప్పక తలచుకోవాలి. ఒక్క అక్షరం కూడా తేడా లేని రిపోర్టు నలుగురి విషయంలో నాలుగు అర్థాలు ఇస్తున్నప్పుడు, రోగితో పది నిమిషాలు మాట్లాడకుండా సంతకం పెట్టి పంపడం వైద్యం అనిపించుకోదు.

తికమక పెట్టే ఫలితాలు మరికొన్ని ఉన్నాయి. టీకా వేయించుకున్న కొద్ది రోజులకే పరీక్ష చేస్తే టీకాలోని ప్రోటీనే హెచ్‌బీఎస్ఏజీగా కనిపించి లేని జబ్బును చూపవచ్చు. తల్లి నుంచి బిడ్డకు చేరిన కోర్ యాంటీబాడీ రెండేళ్ల వయసు వరకూ నిలవవచ్చు కనుక, అది ఉన్నంత మాత్రాన బిడ్డకు వైరస్ సోకిందని చెప్పరాదు.

కోర్ యాంటీబాడీని గుర్తుంచుకోవలసిన అసలు కారణం వేరొకటి ఉన్నది. జబ్బు తగ్గిపోయిందనుకున్నవారి కాలేయ కణాల కేంద్రకాలలో కూడా వైరస్ డీఎన్ఏ వలయాకారంలో మిగిలి ఉంటుంది. రోగనిరోధక శక్తి దానిని అణచి ఉంచుతుంది. రక్త సంబంధమైన కేన్సర్లకు వాడే రిటుక్సిమాబ్ వంటి మందులు ఆ అదుపును సడలించినప్పుడు వైరస్ తిరిగి విజృంభించి, కాలేయం విఫలమై, కేన్సర్ నుంచి బయటపడుతున్న మనిషి ప్రాణం కోల్పోయే ప్రమాదం ఉన్నది. అందుకే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2013లో ఈ మందుకు హెచ్చరికను కఠినతరం చేసి, మొదలుపెట్టే ముందు హెచ్‌బీఎస్ఏజీతో పాటు యాంటీ హెచ్‌బీసీ పరీక్ష కూడా అందరికీ చేయాలని చెప్పింది. ముందుగా తెలిస్తే ఎంటెకావిర్ లేదా టెనోఫోవిర్ మాత్రలతో ఆ ముప్పును చాలావరకు నివారించవచ్చు. కాబట్టి యాంటీ హెచ్‌బీసీ రియాక్టివ్ అని ఎప్పుడో వచ్చిన రిపోర్టు ఇంట్లో ఉన్నవారు దానిని పారవేయకుండా దాచుకుని, కేన్సర్‌కు గాని, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు అవసరమైన మరే జబ్బుకు గాని చికిత్స మొదలయ్యే ముందు వైద్యునికి తప్పక చూపించాలి.