పాత దేవుళ్ళ మౌనం

జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ నవలల్లో ఉత్తరాది దేవుళ్ళకి పేర్లుండవు. గుడి లేదు, పూజారి లేడు, గ్రంథం లేదు. కోట లోపలే ఒక చిన్న అడవి, దాని నడుమ తెల్లటి మాను, ఎర్రటి ఆకులు ఉన్న వైర్‌వుడ్ చెట్టు, ఆ మాను మీద చెక్కిన ఒక ముఖం. ముఖం కళ్ళలోంచి నెత్తురులాంటి జిగురు కారుతుంటుంది. అంతే. ఏం చెప్పుకోవాలనిపించినా దాని ముందు కూర్చుని చెప్పుకోవచ్చు. ఏమీ చెప్పుకోకుండా కూర్చున్నా సరిపోతుంది.

1996లో వచ్చిన ‘ఎ గేమ్ ఆఫ్ థ్రోన్స్’ నుంచి 2011 నాటి ‘ఎ డాన్స్ విత్ డ్రాగన్స్’ దాకా ఐదు పుస్తకాలూ చదివినవాళ్ళు గానీ, సీరియల్ మాత్రమే చూసినవాళ్ళు గానీ, ఈ దేవుళ్ళని ఇష్టపడనివాళ్ళు నాకు తక్కువే కనిపించారు. కారణం తెలుస్తూనే ఉంది. దక్షిణాదివాళ్ళ ఏడుగురు దేవుళ్ళకి పాలరాతి గుళ్ళు, వాటి చుట్టూ రాజకీయం. సముద్రం అవతలి నుంచి వచ్చిన ఎర్ర దేవుడికి మనుషుల్ని తగలబెట్టే పూజారులు. వీటి పక్కన మంచులో, చెట్టు ముందు, నోరు మెదపకుండా కూర్చోవడం ఎంత శుభ్రంగా ఉంది! దేవుడు కావాలి గానీ మతం వద్దు అనుకునే మన తరానికి కొలతలు తీసి కుట్టినట్టున్న దేవుళ్ళు వీళ్ళు.

ఈ ఇష్టం పుస్తకాన్ని సగమే చదవడం వల్ల వచ్చిందని నా అనుమానం. ఆ చెట్టు కింద ఏముందో మార్టిన్ మొదటి నుంచీ చెబుతూనే ఉన్నాడు. మనకే ఆ ప్రశాంతత నచ్చి, మిగతాది కంటికి ఆనలేదు.

మొదటి నవల ఆరంభంలోనే కేట్లిన్ తన భర్త ఎడ్డార్డ్ స్టార్క్‌ని వెతుక్కుంటూ ఆ అడవిలోకి వస్తుంది. ఆమెది దక్షిణాది మతం. ఆ చెట్టు ముఖం ఆమెకి ఎన్నేళ్ళైనా అలవాటు కాలేదు. ఎడ్డార్డ్ చెట్టు కింద రాతి మీద కూర్చుని, నల్లటి కొలను నీళ్ళతో కత్తి కడుక్కుంటున్నాడు. ఆ పొద్దునే ఒక మనిషి తల నరికి వచ్చాడు. ఎవరినైనా చంపిన రోజు ఆయన ఇక్కడికి వస్తాడని ఆమెకి తెలుసు. మనం దీన్ని ఒక నిజాయితీపరుడి పశ్చాత్తాపంగా చదువుకుని ముందుకెళ్ళిపోతాం. కానీ దృశ్యాన్ని ఉన్నదున్నట్టు చూడండి: మరణశిక్ష పడినవాడి నెత్తురు, చంపిన కత్తి మీదే, దేవుడి చెట్టు మొదట్లోకి వచ్చింది. ఎడ్డార్డ్‌కి అది మొక్కుబడి అన్న ఆలోచనే లేదు. ఆ ఆచారం ఎందుకు పుట్టిందో మరిచిపోయిన మనిషి ఆయన. చెయ్యి మాత్రం మరిచిపోలేదు.

రెండో పుస్తకంలో, గోడకి అవతల వైట్‌ట్రీ అనే పాడుపడిన పల్లెలో పెద్ద చెట్టు నోట్లో బూడిద, పుర్రెలు కనిపిస్తాయి. వాటిలో ఒకటి మరీ చిన్నది. ఐదో పుస్తకంలో ఒంటికాలి జైలు కాపలాదారు ఒకడు డావోస్‌కి పాత కథ చెబుతాడు. పూర్వం ఒక స్టార్క్ రాజు బానిసల వ్యాపారుల్ని పట్టి, వాళ్ళు చెరపట్టినవాళ్ళకే అప్పగించాడట. వీళ్ళు ఆ వ్యాపారుల పేగులు తీసి దేవుడి చెట్టు కొమ్మలకి వేలాడదీశారట. చెప్పేవాడి గొంతులో భయం లేదు, గర్వం ఉంది. పాత దేవుళ్ళంటే అట్లా ఉండేవాళ్ళు అని.

చివరికి బ్రాన్. కాళ్ళు పడిపోయిన ఆ పిల్లవాడు మంచుకొండ కింద గుహలో, చెట్టు వేళ్ళ మధ్య కూర్చుని, వైర్‌వుడ్ గింజల ముద్ద తిని, చెట్టు కళ్ళతో గతాన్ని చూడటం నేర్చుకుంటాడు. మొదట నాన్న కనిపిస్తాడు, కత్తి తుడుచుకుంటూ. తర్వాత ఇంకా వెనక్కి, ఇంకా వెనక్కి. చిట్టచివర ఒక గడ్డపు మనిషి ఒక బందీని చెట్టు ముందు మోకాళ్ళ మీద కూలదోస్తాడు. తెల్లజుట్టు ఆడమనిషి ఒకతె కంచు కొడవలితో ముందుకొస్తుంది. బ్రాన్ నోటికి నెత్తురు రుచి తెలుస్తుంది. అధ్యాయం అక్కడితో అయిపోతుంది. నాన్న కత్తికి, ఆ కొడవలికి మధ్య వేల ఏళ్ళున్నాయి. కానీ చెట్టు అదే, చోటు అదే.

నా దృష్టిలో ఈ ఐదు పుస్తకాల్లో మతం గురించి మార్టిన్ చేసిన అతి పెద్ద ఆలోచన ఇదే. దేవుడంటే జ్ఞాపకం. చెట్టు వరమివ్వదు, శపించదు, చూసినదాన్ని దాచుకుంటుంది. దాచుకున్నదాంట్లో మొట్టమొదటిది ఒక హత్య. సీరియల్ ఈ దృశ్యాన్ని తీసుకోలేదు. అందుకే సీరియల్ మాత్రమే చూసినవాళ్ళకి వైర్‌వుడ్ ఒక అందమైన పాత ఫొటోల ఆల్బమ్‌లా మిగిలిపోయింది.

ఇంతవరకూ మెచ్చుకోలు. నాకు మార్టిన్‌తో ఉన్న తగాదా వేరే చోట.

ఆయన ఉత్తరాదిలో చలికాలం ఏళ్ళ తరబడి ఉంటుంది. ముసలివాళ్ళు ఇంటికి తిండి మిగలాలని వేటకని చెప్పి మంచులోకి వెళ్ళిపోయే దేశం అది. అట్లాంటి దేశంలో వాతావరణం గురించి దేవుణ్ణి అడిగేవాడు ఒక్కడూ లేడు! చలి తగ్గమనే మొక్కు లేదు, విత్తనం వేసేముందు చేసే పూజ లేదు, ఊరంతా కలిసి చేసే జాతర లేదు. పంట విందు ఒకటి ఉంది గానీ అది ప్రభువుల బల్లల దగ్గర జరిగే విందు. చెట్టు ముందు మనకి కనిపించేవాళ్ళంతా దాదాపు కోటలవాళ్ళే. పొలంలో పనిచేసేవాడు ఏ దేవుడికి ఏం చెప్పుకుంటాడో ఐదు పుస్తకాల్లో సరిగ్గా తెలియదు.

నేను పుట్టి పెరిగింది మడకశిరలో. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర. అది కూడా వేరుశనగ ఊడలు దిగే వేళకి పడుతుందన్న నమ్మకం లేదు. బతుకు వాతావరణం చేతిలో ఉన్న చోట దేవుడితో మౌనంగా కూర్చునే తీరిక ఎవరికీ ఉండదు. కప్పని రోకలికి కట్టి, వేపమండలు చుట్టి, ఇల్లిల్లూ తిప్పుతూ దాని మీద బిందెలతో నీళ్ళు పోయిస్తారు. గుళ్ళో విరాటపర్వం చదివిస్తారు. గాడిదలకి పెళ్ళి చేస్తారు. లింగం మునిగేదాకా గర్భగుడిలో నీళ్ళు నింపుతారు, అంటే దేవుణ్ణి ఇరుకున పెట్టి పని చేయించుకోవడమే. సరిహద్దు దాటి కన్నడ పల్లెల్లోకి వెళ్తే మళెరాయడి మట్టిబొమ్మని పీట మీద పెట్టి పిల్లల నెత్తిన ఊరేగిస్తారు. వాన రాకపోతే దేవుణ్ణి తిట్టడం కూడా భక్తిలో భాగమే. ఇదంతా గోలగా, గుంపుగా, బేరంగా ఉంటుంది. ఇందులో ఒంటరి ధ్యానం వెతికితే దొరకదు.

మార్టిన్‌కి ఈ సంగతి బొత్తిగా తెలియదనలేం. ఐదో పుస్తకంలో స్టానిస్ సైన్యం మంచు తుపానులో చిక్కుకుపోతుంది. తిండి అయిపోయి, చచ్చినవాణ్ణి తిన్న నలుగురిని పట్టుకుని, మంచు ఆగాలని ఎర్ర దేవుడికి ఆహుతి ఇస్తారు. మంచు ఆగదు. నాకు ఆ అధ్యాయం చాలా ఇష్టం, ఎందుకంటే కరువుకి మనుషులు నిజంగా ఎట్లా మాట్లాడతారో అందులో ఉంది. అయితే ఆ పని చేసేది దక్షిణాదివాళ్ళు. ఉత్తరాదివాళ్ళు చూస్తూ నిలబడతారు. చలిలో పుట్టి పెరిగినవాళ్ళకి చలితో బేరం తెలియదని, నిన్న మొన్న వచ్చినవాళ్ళే ఆ బేరానికి దిగారని నన్ను నమ్మమంటే ఎట్లా? ఉత్తరాది దేవుళ్ళకి ఆ హుందాతనం ఎక్కడిదంటే, వాళ్ళని అడిగే గుంపుని రచయిత కోట గోడల బయటే ఆపేశాడు కాబట్టి వచ్చింది.

ఇంకో సంగతి. ఆయన లోకంలో పాత దేవుళ్ళు, కొత్త దేవుళ్ళు అని గీత గీసినట్టు ఉంటుంది. ఆండల్స్ వచ్చి దక్షిణాన చెట్లు నరికేశారు, గుళ్ళు కట్టారు. మా వైపు చరిత్ర అంత శుభ్రంగా నడవలేదు. మడకశిర దగ్గరి అమరాపురం మండలంలో హేమావతి ఉంది. పాత పేరు హెంజేరు, నొలంబ పల్లవుల రాజధాని. అక్కడి సిద్ధేశ్వరుడు లింగంగా కాక మనిషి రూపంలో కూర్చుని ఉంటాడు. ఆ రాజ్యాన్ని గెలిచిన చోళులు దేవుణ్ణి మార్చలేదు. స్తంభాల్ని పట్టుకుపోయారు. తంజావూరు దగ్గర తిరువయ్యారు గుడిలో నొలంబ స్తంభాలు ఈ రోజుకీ ఉన్నాయి. తర్వాతి కాలంలో హేమావతి శిల్పాలు కొన్ని చెన్నై మ్యూజియంకీ చేరాయి. రాజులు పోయారు, దేవుడు ఉన్నాడు, ఊరివాళ్ళకి ఆయన ఊరి దేవుడు. పాతా కొత్తా అని ఆయన్ని ఏ గదిలో పెడతాం? అదే ఉమ్మడి జిల్లాలో, నార్పల దగ్గర గూగూడులో మొహర్రానికి కుళ్ళాయిస్వామి పేరు మీద నిప్పుల గుండం తొక్కేవాళ్ళలో హిందువులూ ఉంటారు, ముస్లింలూ ఉంటారు. ఎర్ర దేవుడి పూజారులకి ఈ సంగతి చెబితే మతి పోతుంది.

కానీ చెట్టు విషయంలో మాత్రం మార్టిన్ మమ్మల్ని కూడా సరిగ్గానే పట్టుకున్నాడు.

కదిరి దగ్గర గూటిబయలులో తిమ్మమ్మ మర్రిమాను ఉంది. దాదాపు ఐదు ఎకరాల మేర పరుచుకున్న ఒకే చెట్టు. 1989లో గిన్నిస్ బుక్కులోకి ఎక్కింది. స్కూలు పిల్లలు విహారయాత్రకి వస్తారు, పిల్లలు లేని దంపతులు మొక్కుకుంటారు, శివరాత్రికి జాతర. ఊడల మధ్య చల్లటి నీడ. ప్రశాంతత అంటే అదే. ఆ చెట్టు ఎట్లా పుట్టిందో కూడా అందరికీ తెలుసు. తిమ్మమ్మ అనే ఆవిడ 1434లో భర్త చితి మీద సహగమనం చేసిందని, ఆ చితికి నాటిన గుంజల్లో ఒకటి చిగిర్చి ఈ మర్రి అయిందని చెబుతారు. దాచిన రహస్యమేమీ కాదు, చెట్టు పేరులోనే ఉంది. అయినా నీడలో కూర్చుని పులిహోర తింటున్నప్పుడు ఎవరికీ మంట గుర్తుకురాదు. చెట్టు అంత పెద్దదైపోయింది మరి.

మా సరిహద్దు పల్లెల్లో పొలాల గట్ల మీద వీరగల్లులు, మాస్తికల్లులు కనిపిస్తాయి. పశువుల మందని కాపాడుతూ చచ్చినవాడికి ఒక రాయి, భర్తతో కాలిపోయిన ఆవిడకి ఒక రాయి. ఆడవాళ్ళ రాళ్ళ మీద గాజులు తొడుక్కున్న చెయ్యి ఒకటి పైకెత్తి ఉంటుంది. కొన్నిటికి పసుపు కుంకుమలు పెట్టి అమ్మవారిగా కొలుస్తారు. మాను మీద చెక్కిన ముఖం లాంటివే ఇవి కూడా.

‘కాంతార’ వచ్చిన తర్వాత ఊరి దేవతల మీద మన సోషల్ మీడియాలో పుట్టిన ప్రేమ చూసినప్పుడల్లా నాకు బ్రాన్ నోట్లో ఆ నెత్తురు రుచి గుర్తొస్తుంది. పెద్ద గుళ్ళ మీద, వాటి రాజకీయాల మీద విసుగుతో మనం చెట్టు దగ్గరికి, రాయి దగ్గరికి వెనక్కి వెళ్తున్నాం. ఆ విసుగు న్యాయమైనదే. బెంగళూరులో కూర్చుని కరువు సీమ దేవుళ్ళని తలుచుకోవడంలో నాకూ ఒక సుఖం ఉంది. అయితే వెనక్కి వెళ్ళేవాళ్ళకి అక్కడ అమాయకత్వం దొరుకుతుందని ఎవరూ హామీ ఇవ్వలేదు. పాత దేవుడు కొత్త దేవుడికంటే మంచివాడు కానక్కర్లేదు. ఎక్కువ కాలం చూశాడు, అంతే.

ఆ ఐదో పుస్తకం అధ్యాయంలో నన్ను ఇప్పటికీ ఇబ్బంది పెట్టేది కొడవలి కాదు. మోకాళ్ళ మీద ఉన్నవాడి పేరు మనకి తెలియకపోవడం. చెట్టుకి వాడి నెత్తురు గుర్తుంది, వాడెవరో, ఎందుకు పట్టుకొచ్చారో, చివరగా ఏమన్నాడో ఎవరికీ గుర్తు లేదు. తిమ్మమ్మకి కనీసం పేరు మిగిలింది. చితి ఎక్కేముందు ఆమె మనసులో ఏముందో మాత్రం మర్రి చెప్పదు, మనం కూడా అడగలేదు.