షల్‌కూ షుడ్‌కూ మధ్య

2015 డిసెంబర్ 12 సాయంత్రం. పారిస్ పక్కన లె బూర్జేలో వాతావరణ ఒప్పందం ఖరారు చేయడానికి అంతా కూర్చున్నారు, సభ మాత్రం మొదలవదు. కారణం 4వ అధికరణంలో ఒక్క మాట. ఉద్గారాల తగ్గింపులో సంపన్న దేశాలు ముందుండాలన్న చోట 'షల్' అని పడింది. అమెరికాకు 'షుడ్' కావాలి. షల్ అంటే చేసి తీరాలి. షుడ్ అంటే చేస్తే మంచిది. షల్ ఉంటే ఒప్పందం సెనేట్ గడప తొక్కాల్సి వస్తుంది, అక్కడ గట్టెక్కదు. చివరికి అచ్చుతప్పుల సవరణల్లో కలిపి ఆ మాటనూ చదివేశారు. సభాధ్యక్షుడు, ఫ్రాన్స్ విదేశాంగ మంత్రి ఫేబియస్ ఆకుపచ్చ సుత్తి టక్కున కొట్టారు.

ప్రపంచ రాజకీయం ఎక్కడ నేర్చుకోవాలని అడిగే కుర్రాళ్లకు నేను ఈ ముచ్చటే చెబుతాను.

ముసాయిదా రాయడం అచ్చంగా చేతిపని. గిట్టని మాట చుట్టూ చదరపు బ్రాకెట్ పడుతుంది. అర్ధరాత్రి దాకా బేరమాడి ఆ బ్రాకెట్లు ఒక్కొక్కటే విప్పాలి. క్రియలకూ మెట్లుంటాయి: 'నిర్ణయిస్తుంది' పైమెట్టు, 'కోరుతుంది' దాని కింద, 'ఆహ్వానిస్తుంది' అట్టడుగు. ఆహ్వానమంటే శుభలేఖ లాంటిదే, రావచ్చు, మానవచ్చు. ఓటింగ్ లేదు, అందరూ ఒప్పుకోవాలి. వినడానికి సమానత్వమే. కానీ ఒకేసారి పది గదుల్లో చర్చలు నడిస్తే, వందల మందితో దిగిన దేశం అన్నిట్లోనూ ఉంటుంది. ముగ్గురితో వచ్చిన ద్వీపదేశం ఏ గదికని పరుగెత్తాలి?

అయినా నేర్పరులున్నారు. 1992 నాటి వాతావరణ ఒడంబడిక చర్చల్లో, బాధ్యత ఉమ్మడిదే గానీ అందరికీ ఒకే బరువు కాదన్న సూత్రం కోసం మన దౌత్యవేత్త చంద్రశేఖర్ దాస్‌గుప్తా నిలబడిన తీరు చూడాలి! క్యోటో వాతావరణ సదస్సులో అర్జెంటీనాకు చెందిన రౌల్ ఎస్ట్రాడా రాత్రంతా సభ నడిపి, అధికరణం వెంట అధికరణం సుత్తి దెబ్బతో దాటించారు. సముద్రానికి జానెడు ఎత్తున బతికే మార్షల్ దీవుల టోనీ డి బ్రమ్ అయితే, పెద్ద దేశాలనే తన వెంట తిప్పుకుని 1.5 డిగ్రీల మాటను పారిస్ ఒప్పందంలో నిలబెట్టారు.

నేను పేద దేశాల పక్షమే, దాచుకోను. 2021 గ్లాస్గో వాతావరణ సదస్సులో బొగ్గు 'నిలిపివేత' 'తగ్గింపు'గా మారితే నింద భారత్ నెత్తిన పడింది. అంతకు కొద్ది రోజుల ముందు అమెరికా, చైనాల ఉమ్మడి ప్రకటనలో ఉన్నదీ ఆ 'తగ్గింపే'. చమురు, గ్యాస్ పేర్లయితే గ్లాస్గో తీర్మానంలో లేనే లేవు. ఎవరు అడిగారు?

అడగరు, ఎందుకంటే చదవరు. టీవీలో నలుగురు అరుచుకుంటే అది విశ్లేషణ. సదస్సు ఎక్కడ, ఏ ఏడు అని నాలుగు బిట్లు బట్టీపడితే అది అంతర్జాతీయ సంబంధాలు. నకిలీ సరుకు! గచ్చిబౌలి బయోడైవర్సిటీ కూడలి అందరికీ తెలుసు. 2012లో హైదరాబాద్‌లోనే జరిగిన జీవవైవిధ్య సదస్సులో, వర్ధమాన దేశాలకు అందే నిధులు 2015కల్లా రెట్టింపు కావాలని తీర్మానించిన సంగతి ఎందరికి తెలుసు?

2024 బాకు వాతావరణ సదస్సు తీర్మానం తెరవండి. ఏడాదికి 30 వేల కోట్ల డాలర్ల దగ్గర 'నిర్ణయిస్తుంది' అని ఉంది. పేద దేశాలు అడిగిన లక్షా 30 వేల కోట్ల దగ్గర 'పిలుపునిస్తుంది' అని ఉంది. అంకెలు చూసి ఆగకండి. మన భాషలో క్రియ వాక్యం చివర ఉంటుంది. అక్కడిదాకా చదవండి.